ముందు మీటరు, తరువాతే మరమ్మతు: హనుమకొండలోని ఒక కంప్యూటర్ రిపేరు దుకాణం గురించి

హనుమకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ వైపు వెళ్లే దారిలో ఒక సందులోకి తిరిగి, మెట్లెక్కి చేరుకోవలసిన చిన్న కంప్యూటర్ రిపేరు దుకాణం గురించి ఈ సమీక్ష. కొత్త కంప్యూటర్లు, ల్యాప్‌టాప్ బ్యాగులు, లైట్లు వెలిగే కీబోర్డులు అక్కడ అమ్మకానికి కనిపించవు. రెండు బల్లలు, వాటి మీద సోల్డరింగ్ ఐరన్, వోల్టేజీ కొలిచే మల్టీమీటరు, మూతలు విప్పి పెట్టిన క్యాబినెట్లు, మేకులకు వేలాడే కేబుళ్లు, మూలన పాత మదర్‌బోర్డుల గుట్ట, దుకాణమంతా కలిపి ఇంతే. అయినా బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేని డెస్క్‌టాప్‌ను ఎక్కడికి తీసుకుపోవాలని ఎవరు అడిగినా నేను ముందుగా చెప్పేది ఈ దుకాణమే. దానికి కారణం, ఇక్కడ లోపాన్ని కనిపెట్టడానికి వేరుగా, దాన్ని సరిచేయడానికి వేరుగా డబ్బు తీసుకుంటారు.

చెకింగ్ చార్జి రెండు వందల రూపాయలు. లోపం తెలిసిన తరువాత వాళ్ల దగ్గరే బాగు చేయించుకున్నా, వద్దనుకుని యంత్రాన్ని వెనక్కి తీసుకుపోయినా ఆ డబ్బు ఇవ్వవలసిందే. చాలామందికి ఈ పద్ధతి నచ్చదు. "ఊకె చూసినందుకు పైసలేంది?" అని బల్ల దగ్గరి నుంచే వెనక్కి మళ్లినవారు ఉన్నారు. వారి కోపంలో న్యాయం లేదనను గానీ, ఉచితంగా చూసే చోట ఆ చూసిన శ్రమకు కూలి ఎక్కడి నుంచి వస్తుందో వారు ఆలోచించినట్టు లేదు. అది అమ్మే వస్తువు మీది లాభంలోంచే రావాలి. అంటే ఏదో ఒక వస్తువు అమ్ముడుపోతే తప్ప ఆ దుకాణదారుకు ఆ పూట గిట్టుబాటు కాదు. అటువంటి చోట "కేబుల్ వదులైంది, బిగించాను, తీసుకుపోండి" అన్న మాట వినబడటం అరుదు, "బోర్డు పోయింది" అన్న మాట మాత్రం తేలికగా వస్తుంది. కనిపెట్టిన పనికే కూలి ముట్టినప్పుడు ఎదుటివాడికి ఏదో ఒకటి అంటగట్టవలసిన తొందర ఉండదు. ఈ దుకాణంలో నాకు కనిపించిన నిదానం వెనుక ఉన్నది ఆ రెండు వందల రూపాయలేనని నా నమ్మకం.

నాది డీటీపీ పని. పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, ప్రైవేటు బడుల ప్రశ్నపత్రాలు, ఎన్నికలు వస్తే కరపత్రాలు చేస్తుంటాను. అను అనే పాత తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ఏళ్ల తరబడి చేసిన ఫైళ్లు ఉన్న యంత్రాన్ని పక్కన పెట్టడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, ఆ తరువాత అడోబీ సంస్థ తన దృష్టినంతా అదే పనికి చేసిన ఇన్‌డిజైన్ మీద పెట్టింది. ఏ యంత్రంలోనైనా చదవగల యూనికోడ్ తెలుగుకు మారవలసినవారు మారారు, పాత ఫైళ్లు తెచ్చి "పోయినసారి చేసినట్టే చేసియ్యి" అనే గిరాకీలు ఉన్న నాలాంటివారు రెండు పడవల మీద కాళ్లు పెట్టుకుని నడుస్తున్నాము. కనుక డీడీఆర్3 ర్యామ్‌తో నడిచే నా పాత డెస్క్‌టాప్ ముహూర్తాల కాలంలో ఒక పొద్దున బటన్‌కు పలకకపోతే, కొత్తది కొనుక్కోవడం అందరూ అనుకున్నంత సులువైన పరిష్కారం కాదు.

మొదట చూపించిన చోటు వేరు, దాని పేరు అనవసరం. అక్కడ క్యాబినెట్ పక్క మూత తీసి, బటన్ ఒకటి రెండు సార్లు నొక్కి, "బోర్డు పోయింది సార్, ఈ మోడల్ ఇప్పుడు రాదు, బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిపి కొత్త సెట్ వేసుకోండి" అన్నారు. మీటరు పెట్టలేదు. కంప్యూటర్ భాగాలకు తగిన కరెంటు అందించే పెట్టె, అంటే ఎస్ఎంపీఎస్, వేరేది తగిలించి చూడలేదు. బోర్డు నిజంగా పోయిందేమో, పోలేదేమో, ఆ రెండింటిలో ఏదో తెలుసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు అన్న సంగతి ఈ దుకాణంలో కూర్చున్నాక అర్థమైంది.

ఇక్కడి మెకానిక్ ముప్పై ఐదేళ్లు దాటని మనిషి. తన దగ్గర ఒక కుర్రవాడు పని నేర్చుకుంటున్నాడు. యంత్రాన్ని బల్ల మీద పెట్టగానే మూత విప్పడం మొదలుపెట్టలేదు, ముందు ఒక ప్రశ్న అడిగాడు. "ఆన్ అయితలేదంటే ఏమైతున్నదన్నా? అస్సలు సప్పుడే లేదా, ఫ్యాన్ ఇట్ల తిరిగి అట్ల ఆగుతున్నదా, ఫ్యాన్ తిరుగుతున్నది గానీ బొమ్మ వస్తలేదా?" మనమందరం ఒకే మాటతో చెప్పే జబ్బు ఇక్కడ మూడు జబ్బులుగా విడిపోతుంది, మూడింటి దారులూ వేరు. ఏ సప్పుడూ లేకపోతే కరెంటు బోర్డు దాకా రావడం లేదని, లేదా బటన్ నొక్కిన సంగతి బోర్డుకు తెలియడం లేదని అనుమానించాలి. ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఆగిపోతే ఎక్కడో షార్ట్ ఉండి, ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి మూసుకుపోతున్నదని అర్థం. ముందు వైపు యూఎస్‌బీ పోర్టు లోపలి రేకులు వంగి ఒకదానికొకటి తగిలినా, బోర్డు కింద ఊడిపడిన స్క్రూ ఇరుక్కున్నా ఇలాగే జరుగుతుంది. ఫ్యాన్లు తిరుగుతూ తెర నల్లగా ఉంటే కరెంటు గొడవ చాలావరకు పక్కకు పోయినట్టే, అప్పుడు ర్యామ్‌ను తీసి దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టడం మొదటి పని. ఈ మూడో రకం యంత్రాలను కూడా మనవాళ్లు "ఆన్ అయితలేదు" అనే చెప్పి తెస్తారని, సగానికి సగం గందరగోళం అక్కడే మొదలవుతుందని అతను అన్నాడు.

నాది మొదటి రకం. అయినా అతను వెంటనే ఎస్ఎంపీఎస్ జోలికి పోలేదు, మా గదిలోని గోడ సాకెట్ గురించి అడిగాడు. ఆ సాకెట్‌లో ఇంకేదైనా నడుస్తున్నదా, మధ్యలో యూపీఎస్ ఉన్నదా, ఉంటే దాని బ్యాటరీ ఎప్పుడు మార్చారు, ఎక్స్‌టెన్షన్ బోర్డు స్విచ్ గట్టిగా ఉన్నదా, మానిటర్ వైరును క్యాబినెట్‌కు పెట్టి చూశారా. మానిటర్‌కూ క్యాబినెట్‌కూ సాధారణంగా ఒకే రకం పవర్ కేబుల్ వస్తుంది కాబట్టి, ఈ మార్పిడి ఇంట్లోనే ఎవరైనా చేసుకోగల పరీక్ష. చిన్న యూపీఎస్‌లలో ఉండే 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ మన ఎండలకు రెండు మూడేళ్లకే నీరసించిపోతుంది, నీరసించిన బ్యాటరీతో కొన్ని యూపీఎస్‌లు కరెంటు ఉన్నా ఆన్ కావు. యూపీఎస్‌ను తప్పించి నేరుగా గోడకు పెట్టి చూడకుండా యంత్రాన్ని ఆటోలో వేసుకుని వద్దామనుకునేవారికి, ముందు ఇంట్లోనే అది చూడమని ఫోన్‌లోనే చెప్తాడట. చెకింగ్ చార్జి తీసుకునే దుకాణదారుకు ఆ సలహా వల్ల నష్టమే కదా. దీన్ని నేను ఆ దుకాణం ఖాతాలో మంచి మార్కుగానే వేస్తాను.

ఎర్తింగ్ గురించి అతను చెప్పినది నాకు కొత్త. క్యాబినెట్ రేకును తాకితే వేళ్లకు జుమ్మని తిమ్మిరి పట్టడం మనలో చాలామందికి అనుభవమే, "కొద్దిగ షాక్ కొడుతది, ఏం గాదు" అని అలవాటు పడిపోతాము. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, కెపాసిటర్లు అనే, విద్యుత్తును నిల్వ చేసుకునే చిన్న భాగాలు క్యాబినెట్‌కు కలిపి ఉంటాయి. ఎర్తు సరిగా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది, ఎర్తు లేకపోతే రేకు మీద మన 230 వోల్టులలో సగం దాకా, అంటే 115 వోల్టుల దగ్గరగా మీటరులో కనబడుతుంది. కరెంటు పరిమాణం చాలా తక్కువ కాబట్టి మనిషికి సాధారణంగా తిమ్మిరితో సరిపోతుంది, కానీ ఆ ఇంట్లో ఎర్తు లేదని చెప్పడానికి అంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు. బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన పాత ఎర్తు గుంతలో ఎండాకాలం నీళ్లు పోయకపోతే మట్టి ఎండి అది పేరుకు మాత్రమే ఎర్తుగా మిగులుతుంది. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య మీటరు పెట్టి, రెండు మూడు వోల్టులకు మించి వస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలవమని అతని సలహా. పరకాల, నర్సంపేట వైపు పల్లెల నుంచి వచ్చే యంత్రాల విషయంలో ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతాడు, దానితోపాటు వ్యవసాయ మోటార్లు నడిచే వేళల్లో వోల్టేజీ ఎంతకు పడుతున్నదో కూడా అడుగుతాడు.

ఇక బల్ల మీద జరిగిన పని. యంత్రాన్ని పడుకోబెట్టి, బోర్డులో గుచ్చిన 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌ను ఊడదీయకుండానే, దాని వెనుక భాగంలో వైర్లు దూరే రంధ్రాల్లోకి మీటరు మొనలు దింపాడు. నల్లది ఎప్పుడూ నల్ల వైరులోనే. ఎర్రది మొదట ఊదా రంగు వైరులో పెట్టాడు. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపు, కంప్యూటర్ ఆన్ చేయకపోయినా, ఈ ఊదా వైరులో 5 వోల్టులు ఉండాలి. బటన్ నొక్కామన్న సంగతిని కనిపెట్టడానికి బోర్డులోని చిన్న సర్క్యూట్‌ను మెలకువగా ఉంచేది అదే. ఐదు శాతం అటూ ఇటూ, అంటే 4.75 నుంచి 5.25 దాకా ఉంటే మంచిదే. నా యంత్రంలో అంకె మూడున్నర దగ్గర మొదలై, నాలుగు దాటి, మళ్లీ కిందికి జారుతూ నిలకడ లేకుండా ఊగింది. అతను పక్కకు జరిగి మీటరును నా వైపు తిప్పాడు, "నువ్వే సూడన్నా" అన్నాడు. తరువాత అదే మొనను ఆకుపచ్చ వైరుకు మార్చి, కుర్రవాడిని బటన్ నొక్కమన్నాడు. ఆరోగ్యంగా ఉన్న యంత్రంలో బటన్ నొక్కగానే ఆకుపచ్చ వైరులోని వోల్టేజీ సున్నా దగ్గరికి పడిపోతుంది, అది "నిద్ర లే" అని బోర్డు ఎస్ఎంపీఎస్‌కు చెప్పడం. నా దాంట్లో ఆ పడిపోవడం జరగలేదు. పిలవవలసిన బోర్డుకే పిలిచే శక్తి అందడం లేదన్నమాట.

అక్కడితో తీర్పు చెప్పేయలేదు. బటన్ కూడా పాడై ఉండవచ్చు కనుక, ముందు ప్యానెల్ నుంచి వచ్చే సన్నటి వైరును బోర్డు మీది పిన్నుల నుంచి తీసేసి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలిపి చూశాడు; మార్పు లేదు. బోర్డు మీది బిళ్ల బ్యాటరీని, అంటే సీఆర్2032ను, మీటరుతో చూసి పెట్టాడు. అది 3 వోల్టులకు దగ్గరగానే ఉంది. చివరగా దుకాణంలో పరీక్షకే ఉంచుకున్న ఎస్ఎంపీఎస్‌ను తెచ్చి, 24 పిన్నుల కనెక్టర్‌నూ, ప్రాసెసర్ పక్కన ఉండే నాలుగు పిన్నుల చిన్న కనెక్టర్‌నూ నా బోర్డుకు తగిలించాడు. ఆ చిన్నదాన్ని మరిచిపోతే ఫ్యాన్లు తిరిగినా ప్రాసెసర్‌కు కరెంటు అందదని, దాన్ని చూసి బోర్డు పోయిందనుకునేవారు ఉన్నారని కుర్రవాడికి చెప్తూనే బటన్ నొక్కాడు. ప్రాసెసర్ ఫ్యాన్ తిరిగింది, ఒక బీప్ వచ్చింది, తెర మీద అక్షరాలు పడ్డాయి. "బోర్డు మంచిగనే ఉన్నదన్నా, దీనికి అన్నం పెట్టేటోడే పండుకున్నడు" అన్నాడు.

ఇంతవరకు నాకు ఈ దుకాణానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. అభిప్రాయభేదం దీని తరువాత వచ్చింది. పాత ఎస్ఎంపీఎస్‌ను విప్పి చూస్తే, ఆ 5 వోల్టుల స్టాండ్‌బై భాగంలో ఒక కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. దాన్ని తీసి, ఎంత వేడి దాకా తట్టుకుంటుందో తెలిపే 105 డిగ్రీలు అన్న అంకె రాసి ఉన్న కొత్తది వేస్తే ఊదా వైరు 5.03 దగ్గర కదలకుండా నిలబడింది. అతని లెక్క ప్రకారం మరమ్మతు అయిపోయింది, మొత్తం ఖర్చు చెకింగ్ చార్జితో కలిపి ఐదు వందల లోపు. చేసిన పని శుభ్రంగానే ఉంది. అయితే అతని దగ్గర ఒక మంచి అలవాటు ఉంది: బాగుచేసిన ఎస్ఎంపీఎస్‌ను ఊరికే నడిపి ఇచ్చేయకుండా, 12 వోల్టుల పసుపు వైరుకు 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బు తగిలించి కాసేపు వెలిగిస్తాడు. బరువు పడనప్పుడు బాగానే కనిపించే ఎస్ఎంపీఎస్, నాలుగున్నర ఆంపియర్లు లాగేసరికి అసలు రంగు బయటపెడుతుంది. బజారులో దొరికే, అంకెల తెర ఉన్న చిన్న టెస్టర్ పెట్టెలు కూడా అతని దగ్గర ఉన్నాయి గానీ, అవి వేసే బరువు స్వల్పం కాబట్టి పూర్తిగా చచ్చినదాన్ని పట్టిస్తాయే తప్ప నీరసంగా ఉన్నదాన్ని పట్టించవని అతని మాట. నా ఎస్ఎంపీఎస్ బల్బు వెలిగించకముందు 12.1 చూపింది, వెలిగాక 11.5కు దిగింది. అంగీకరించదగ్గ కనిష్ఠం 11.4. "లిమిట్‌లనే ఉన్నది, నడుస్తదన్నా" అన్నాడు.

నడుస్తుందేమో. కానీ ఒక కెపాసిటర్ ఉబ్బిన పెట్టెలో దానితోపాటే, అదే వేడిలో, అన్నేళ్లు ఉన్న మిగతావి ఎంత కాలం నిలబడతాయన్న ప్రశ్నకు ఆ 11.5 ఇచ్చే జవాబు నాకు ధైర్యం కలిగించలేదు. పైగా అది క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన రకం. దాని మీద పెద్ద అక్షరాలతో 450 వాట్స్ అన్నట్టు రాసి ఉన్నా, పక్కన చిన్న పట్టికలో 12 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు అని ఉంది; పన్నెండును పద్నాలుగుతో గుణిస్తే 168 వాట్లు. ఈ రోజుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు తినేది ప్రధానంగా 12 వోల్టుల నుంచే కాబట్టి, ఎస్ఎంపీఎస్ కొనేటప్పుడు పెద్ద అక్షరాలను వదిలేసి ఆ చిన్న పట్టికను చదవాలి. ఈ రకం పెట్టెను మరమ్మతు చేసి మళ్లీ యంత్రంలో బిగించడం పొదుపు కాదని నా అభిప్రాయం, ఆ మాట అతనితోనే చెప్పాను. మంచి సంస్థ చేసిన, కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ గుర్తు ఉన్న ఎస్ఎంపీఎస్‌లో కెపాసిటర్ పోతే మార్పించుకోవడంలో అర్థముంది. ఎవరి దగ్గరికి ఏది వచ్చినా బాగుచేసి పంపడమే ఇష్టంగా పెట్టుకున్న ఈ మెకానిక్, "ఇది ఇక వద్దు, పారేయండి" అనవలసిన చోట కూడా అనడు. బాగుచేయడం తెలిసినవారి బలహీనత ఇది. నేను కొత్తది తెప్పించమన్నాను. వస్తువు మీద లాభం పెద్దగా వేసుకోకుండానే, మూడేళ్ల వారంటీ ఉన్నదాన్ని డబ్బా తెరవకుండా నా చేతికి ఇచ్చి, నా ఎదుటే విప్పి బిగించాడు.

ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోలేను. ఇదంతా చదివి ఎవరూ ఇంట్లో ఎస్ఎంపీఎస్ మూత విప్పకూడదు. మీటరుతో వైర్ల వెనుక నుంచి చూడటం వేరు, ఆ పెట్టె లోపల చేయి పెట్టడం వేరు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉంటుంది, ప్లగ్గు పీకేసిన తరువాత కూడా కొంతసేపు అది అక్కడే ఉండవచ్చు. మెకానిక్ కూడా మూత తీసిన వెంటనే రెసిస్టర్ తగిలించి దాన్ని ఖాళీ చేసి, మీటరుతో చూసుకున్నాకే పని మొదలుపెట్టాడు, ఆ తరువాతే కుర్రవాడిని దగ్గరికి రానిచ్చాడు.

ఆ తరువాత మా బంధువొకరి అడ్తి దుకాణం నుంచి వచ్చిన యంత్రాన్ని కూడా ఇక్కడికే పంపాను. ఎనుమాముల మార్కెట్ దగ్గర పత్తి, మిర్చి కాలంలో కంప్యూటర్ పెట్టినవారికి ఈ కష్టం తెలుసు. క్యాబినెట్ మూత తీస్తే ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ రెక్కల చుట్టూ పత్తి నూగు దట్టంగా చుట్టుకుని, దాని మీద ఎర్రటి మిర్చి ధూళి పేరుకుని, ఫ్యాన్ తిరగడానికి చోటే లేకుండా ఉంది. కుర్రవాడు ముక్కుకు రుమాలు కట్టుకుని బాల్కనీలోకి తీసుకుపోయి బ్లోయర్ పెట్టాడు. కింద మెట్ల మీద ఉన్నవారందరూ తుమ్మారు. వేడికి ఆగి, చల్లబడ్డాక మళ్లీ లేచే యంత్రం అది. శుభ్రం చేసి, ప్రాసెసర్ మీద దాని వేడిని లాగే పేస్టు మార్చి ఇచ్చారు, ఏ వస్తువూ అమ్మలేదు. ఆరు నెలలకోసారి శుభ్రం చేయించమని, క్యాబినెట్‌ను నేల మీద కాకుండా బల్ల మీద పెట్టమని చెప్పి పంపారు.

నీట మునిగిన యంత్రాల విషయంలో కూడా వీరి మాట నమ్మదగింది. 2023 జూలైలో వానలకు హంటర్ రోడ్డు వైపు కాలనీల్లోకి నీళ్లు వచ్చినప్పుడు తడిసిన కంప్యూటర్లు చాలా వచ్చాయని, వాటిలో ఇంట్లో ఎండబెట్టి ఆత్రంగా స్విచ్ వేసినవే ఎక్కువగా కాలిపోయాయని అతను చెప్పాడు. బురద ఎండినా బోర్డు మీద దాని పొర మిగిలే ఉంటుంది. ముందు కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాతే కరెంటు చూపించాలి. పిడుగుల కాలంలో మరో సంగతి గుర్తుపెట్టుకోవాలి: చాలామంది గోడ ప్లగ్గు పీకేసి ఇంటర్నెట్ కేబుల్‌ను మాత్రం అలాగే వదిలేస్తారు, దెబ్బ అటు నుంచి కూడా రావచ్చు.

ఇక ఫిర్యాదులు. మొదటిది ఫోన్. పగటిపూట ఎత్తడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది; చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉన్న మనిషిని తప్పుపట్టలేము గానీ, యంత్రం ఇచ్చి పోయినవారికి అది ఏ దశలో ఉందో తెలియజేసే బాధ్యత కుర్రవాడికైనా అప్పగించాలి. "రేపు సాయంత్రం" అన్న మాటను ఎల్లుండి సాయంత్రంగా లెక్కపెట్టుకోవడం మంచిది. పెళ్లిళ్ల కాలంలో నాలాంటివారికి ఈ ఒక్క రోజు తేడా చిన్నది కాదు.

రెండోది బిల్లు. అడిగితే తప్ప రాయరు. వారంటీ ఉన్న వస్తువు తీసుకున్నప్పుడు తేదీ, సీరియల్ నంబరు ఉన్న బిల్లు లేకపోతే తరువాత ఎవరూ పట్టించుకోరు, కనుక మొహమాటపడకుండా అడగాలి. యంత్రాన్ని అప్పగించేటప్పుడు అందులో ఏ హార్డ్ డిస్కు, ఎంత ర్యామ్ ఉన్నాయో ఒక చీటీ మీద రాసి ఇచ్చే అలవాటు కూడా ఇక్కడ లేదు. నేను నా యంత్రం లోపలి భాగాలను ఫోన్‌తో ఫోటోలు తీసుకుని ఇచ్చాను, దానికి వారు నొచ్చుకోలేదు.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది. యంత్రం ఇచ్చేటప్పుడు కుర్రవాడు విండోస్ పాస్‌వర్డ్ అడిగాడు. కరెంటు రాని యంత్రానికి పాస్‌వర్డ్ ఎందుకు? తెర మీద మొదటి అక్షరాలు పడితే ఆ పరీక్ష అయిపోయినట్టే, విండోస్‌లోకి పోవలసిన పనే లేదు. ఇవ్వనని చెప్తే ఒప్పుకున్నారు, దాచేదేమీ లేని మామూలు అలవాటుగానే అడిగారని నాకు అనిపించింది. అయినా నా డిస్కులో ఇతరుల ఆధార్ కాపీలు, ఫోటోలు, బడుల ప్రశ్నపత్రాలు ఉంటాయి. మీసేవ, జిరాక్స్, డీటీపీ కేంద్రాల వారు హార్డ్ డిస్కు కేబుల్ ఊడదీసి, వీలైతే డిస్కునే తీసి ఇంట్లో పెట్టుకుని, మిగతా యంత్రాన్ని ఇవ్వడం ఉత్తమం. కరెంటు లోపం పరీక్షకు డిస్కు అవసరం లేదు.

పెద్ద సంస్థలు ఆఫీసుల కోసం చేసే సన్నటి బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు ఉన్నవారు మాత్రం ముందుగా మాట్లాడుకుని రావాలి. వాటిలో చాలా మోడళ్లకు 24 పిన్నుల మామూలు కనెక్టర్ ఉండదు, ఎస్ఎంపీఎస్ ఆకారమూ వేరు. దుకాణంలోని పరీక్ష ఎస్ఎంపీఎస్ నేరుగా తగలదు, మధ్యలో వేరే కేబుల్ కావాలి. ఆ కేబుళ్లు కొన్ని ఉన్నాయని చెప్పాడు, అన్నీ లేవు. అటువంటి యంత్రాల్లో బటన్ దగ్గరి దీపం ఏ రంగులో, ఎన్నిసార్లు మెరుస్తున్నదో చూసుకుని వస్తే అతని పని సులువవుతుంది, సంస్థ మాన్యువల్‌లో ఆ మెరుపులకు అర్థాలు ఉంటాయి.

పాత యంత్రం మీద ఎంత ఖర్చు పెట్టవచ్చన్న విషయంలో అతను సలహా ఇవ్వడు, అది మనమే తేల్చుకోవాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, నా యంత్రం విండోస్ 11కు పనికిరాదు. అందుకే దాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి పాత ఫైళ్ల పనికే వాడుతున్నాను, ఆ పనికి ఒక మంచి ఎస్ఎంపీఎస్ ఖర్చు సబబే. అదే బోర్డు పోయి ఉంటే నేను మరమ్మతు చేయించేవాణ్ని కాదు. కొత్త ఎస్ఎంపీఎస్ రేపు మరో యంత్రానికీ పనికొస్తుంది, పాత తరం బోర్డు మరి దేనికీ పనికిరాదు.

దుకాణం పొద్దున పదిన్నర తరువాతే తెరుస్తారు, రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటుంది, ఆదివారం మధ్యాహ్నం మూసేస్తారు. కింద కారు ఆపడానికి చోటు లేదు, క్యాబినెట్ మోసుకుని మెట్లెక్కవలసిందే. వచ్చేటప్పుడు క్యాబినెట్‌తోపాటు మీరు ఇంట్లో వాడుతున్న పవర్ కేబుల్‌ను కూడా తెచ్చుకోండి. మానిటర్, కీబోర్డు, మౌస్ అక్కరలేదు, అవి వాళ్ల దగ్గరే ఉన్నాయి.